పోజు కాదు... భయం!

మూడు కిలోల బరువు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, కంటిపైన గులాబీ రంగు మచ్చ. కెమెరా దగ్గరికి తెచ్చినా అంగుళం కదలదు. ‘అబ్బ, ఎంత బుద్ధిగా నిలబడిందో’ అని మురిసిపోతూ ఒకటికి పది ఫొటోలు తీసేస్తాం. దెబ్బతిన్న ఆఫ్రికన్‌ పెంగ్విన్‌ని ఫొటో తీసేటప్పుడు మనిషి పొరబడేది సరిగ్గా ఇక్కడే.

పారిపోయే దారి లేనప్పుడు చాలా పక్షులు కొయ్యబారిపోతాయి. మొహం మీదికి వచ్చే ఆ గాజు కన్ను వాటి దృష్టిలో వేటాడే జంతువే. పైకి కదలకపోయినా లోపల గుండె దడదడలాడుతూ ఉంటుంది. ఇక ఆ పెంగ్విన్‌ తలను అటూ ఇటూ ఊపిందనుకోండి... డ్యాన్స్‌ చేస్తోందని పిల్లలు చప్పట్లు కొడతారు. ‘ఇంకొక్క అడుగు వేస్తే పొడుస్తా’ అని దానర్థం! కొక్కెంలా వంగిన ఆ ముక్కుతో వేలు చీరేయగలదు కూడా. అందుకే వాటిని పట్టుకునేవాళ్లు మందపాటి గ్లవ్స్‌ వేసుకుంటారు.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఇలాంటి పక్షులకో ఆసుపత్రి ఉంది. పేరు శాన్‌కాబ్‌. ఆల్తియా వెస్ట్‌ఫాల్‌ అనే ఆవిడ 1968లో దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో వచ్చే రోగుల్లో ఎక్కువమందిది ఒకటే జబ్బు... చమురు. పెంగ్విన్‌ ఈకలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని నీరు చొరబడని కోటులా ఉంటాయి. చమురు అంటితే ఆ అల్లిక విడిపోతుంది. చల్లటి సముద్రపు నీరు నేరుగా ఒంటికి తగులుతుంది. వణికిపోతూ ఒడ్డుకి వచ్చేస్తుంది. వస్తే తిండి లేదు. పోనీ శుభ్రం చేసుకుందామని ఈకలు గీరుకుంటే ఆ చమురు కాస్తా కడుపులోకి పోతుంది. సబ్బునీళ్లలో ముంచి, కళ్ల చుట్టూ టూత్‌బ్రష్‌తో తోమి, నురగ పోయేదాకా కడగాలి. అంతటితో అయిపోలేదు. ఈకలకి మళ్లీ నీళ్లు ఆపే గుణం వచ్చేదాకా రోజూ కొలనులో ఈదిస్తూ, చేపలు నోట్లో పెట్టి తినిపిస్తూ వారాల తరబడి చూసుకోవాలి.

ఇన్ని పాట్లు పడి నిలబెట్టిన ప్రాణం ఎదురుగా మెరుపులా ఫ్లాష్‌ వెలిగితే ఏమవుతుంది? బెదురు పెరిగితే తిండి మానేస్తుంది. నీరసించిన పక్షి తిండి మానడమంటే మాటలు కాదు. అందుకే సముద్ర పక్షుల చికిత్సా కేంద్రాల్లో కొన్ని కట్టుబాట్లుంటాయి. ఫ్లాష్‌ వద్దు. మాటలు వద్దు. కేజ్‌లోకి దూరి సెల్ఫీలు అసలే వద్దు. డాక్టరు బరువు చూసేటప్పుడో రక్తం తీసేటప్పుడో, ఎలాగూ పక్షి చేతిలోనే ఉంటుంది కాబట్టి, దూరం నుంచి జూమ్‌ లెన్సుతో ఒకటీ రెండూ తీసుకుంటే సరి. ఫొటో కోసం మళ్లీ పట్టుకోవడమన్నది ఉండకూడదు.

అలాగని కెమెరాని గేటు బయటే ఆపేయడమూ కష్టమే. ఇలాంటి సంస్థలు నడిచేది విరాళాల మీద. చమురులో తడిసిన ఒక్క పెంగ్విన్‌ మొహం తెచ్చిపెట్టే డబ్బు పది పేజీల నివేదిక తేలేదు! అందుకే అడవికి తిరిగి వెళ్లలేని కొన్ని పెంగ్విన్లను శాన్‌కాబ్‌ శాశ్వతంగా తనతోనే ఉంచుకుంది. ఇవి మనుషులకి అలవాటుపడ్డవి. ముద్దొచ్చే దగ్గరి ఫొటో కావాలంటే వీటి దగ్గరికి వెళ్లడమే మర్యాద.

దగ్గరి ఫొటోతో పెంగ్విన్‌కీ ఒక లాభముంది. ఆఫ్రికన్‌ పెంగ్విన్‌ ఛాతీ మీద నల్లటి చుక్కలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఒకప్పుడు పక్షిని గుర్తుపట్టడానికి రెక్కకి లోహపు పట్టీ వేసేవారు. ఈతకి అది అడ్డం. కింగ్‌ పెంగ్విన్ల మీద పదేళ్లు సాగిన పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. పట్టీ ఉన్నవి 39 శాతం తక్కువ పిల్లల్ని కన్నాయట! ఇప్పుడు చర్మం కింద బియ్యపు గింజంత చిప్‌ పెడుతున్నారు. రాబెన్‌ ద్వీపంలోనైతే ఛాతీ చుక్కల్ని కెమెరాతో చదివి పక్షిని గుర్తుపట్టే కంప్యూటర్‌ విధానాన్ని శాస్త్రవేత్తలు రూపొందించారు. అవును, నెల్సన్‌ మండేలాని ఖైదు చేసిన ద్వీపమే.

ఆ ద్వీపం దగ్గరే 2000 జూన్‌ 23న ‘ట్రెజర్‌’ అనే ఓడ మునిగింది. దాదాపు 19 వేల పెంగ్విన్లకి చమురు అంటింది. కేప్‌టౌన్‌లోని పాత రైల్వే షెడ్డే ఆసుపత్రయింది. వేలాదిమంది వలంటీర్లు వచ్చి కడిగారు. చమురు అంటని మరో 19,500 పెంగ్విన్లను లారీల్లో ఎక్కించి పోర్ట్‌ ఎలిజబెత్‌ తీరంలో వదిలారు. అవి వందల కిలోమీటర్లు ఈదుకుంటూ ఇంటికొచ్చేలోగా చమురు ఎత్తేయాలన్నది పథకం. పీటర్‌, పమేలా, పెర్సీ అని పేర్లు పెట్టిన మూడింటికి ట్రాన్స్‌మిటర్లు తగిలిస్తే, క్రికెట్‌ స్కోరులా జనం వాటి జాడ తెలుసుకునేవారు. కడిగినవాటిలో 90 శాతానికి పైగా బతికి సముద్రానికి చేరాయి.

ఇప్పటి కష్టం చమురు కన్నా పెద్దది. అదే ఆకలి. సార్డైన్‌, ఆంకోవీ చేపలు తగ్గిపోయాయి. ఈకలు రాల్చే కాలంలో తల్లిదండ్రులు నీళ్లలోకి దిగలేవు, గూట్లో పిల్లలు పస్తులుంటాయి. ఆ పిల్లల్నీ తెచ్చి పెంచుతోంది శాన్‌కాబ్‌. 2024లో ఆఫ్రికన్‌ పెంగ్విన్‌ని ‘తీవ్రంగా అంతరించిపోతున్న’ జాబితాలో చేర్చారు. మిగిలింది 10 వేల జంటలకన్నా తక్కువే. 2025 మార్చిలో కోర్టు ఉత్తర్వుతో ఆరు పెద్ద స్థావరాల చుట్టూ పెద్దవలలతో చేపల వేటని పదేళ్లపాటు ఆపేశారు.

కోలుకున్నవాటిని అట్టపెట్టెల్లో బీచ్‌కి తెస్తారు. మూత తీయగానే కాసేపు దిక్కులు చూసి, గుంపుగా నీళ్లవైపు గునగునా నడుస్తాయి. ఫొటోగ్రాఫర్లు నిలబడాల్సింది పెట్టెల వెనకాలే. ముందుకెళ్తే దారికి అడ్డం. కాబట్టి ఎంత ఖరీదైన లెన్సు ఉన్నా, ఆ రోజు ఫొటోలో పడేది నల్లటి వీపులే!