దంతేవాడ శాసనము: ‘భాష’ ఎవరిది?

లాటిను నుండి ఫ్రెంచి వేరుపడిన ఘట్టమును భాషాచరిత్రకారులు రెండు సంవత్సరములతో గుర్తింతురు. 813లో తూర్ నగరమున సమావేశమైన మతాచార్యులు, ధర్మోపదేశములను జనులకు తెలియునట్లు గ్రామ్య రోమను భాషలోనికి గాని జర్మను భాషలోనికి గాని మార్చి చెప్పవలెనని నిర్ణయించిరి. 842లో స్ట్రాస్‌బర్గున లూయీ, చార్లెసు అను రాజసోదరులు ఒకరి సైన్యమునకు తెలియు భాషలో మరియొకరు ప్రమాణము చేసిరి. నిథార్డు ఆ మాటలను తన చరిత్రగ్రంథమున పదిలపరచెను. ఉచ్చారణము అంతకు పూర్వమే మారియుండెను. లాటిను జనులకు తెలియదని విద్వాంసులు ఒప్పుకొనుటయే ఆ ఘట్టమునకు గల విశేషము.

అట్టి ఒప్పుకోలు బస్తరున రాతిపై కలదు. దంతేవాడలోని దంతేశ్వరీ దేవాలయమున దిక్పాలదేవ మహారాజు వేయించిన 1703 నాటి శాసనము రెండు ఫలకములపై నున్నది. ఒకదానిపై సంస్కృతము, రెండవదానిపై దేశభాష. కలియుగమున సంస్కృతము చదువువారు కొలదిమందియే కావున భాషలో వ్రాయవలసివచ్చెనని రెండవ ఫలకమే చెప్పుచున్నది. రచయిత రాజగురువైన భగవాన్ మిశ్రుడు, మైథిలుడు. దీనిని ఛత్తీస్‌గఢీకి తొలి శాసనముగా పేర్కొనుట పరిపాటి.

ఈ పరిపాటి ఒక ప్రశ్నను మరుగుపరచుచున్నది. ఆ ‘భాష’ ఎవరికి తెలిసినది? రాజవంశము తన మూలమును ఓరుగంటి కాకతీయ ప్రతాపరుద్రుని సోదరునితో ముడిపెట్టుకొన్నది. సమీపముననే యున్న బార్సూరున నాగవంశీయుల నాటికే తెలుగు శాసనము వెలసినది. అయినను 1703 నాటి ఫలకముపై నున్నది తెలుగు కాదు. ఆ యడవులలోని జనుల గోండీయు కాదు. పలుజాతుల నడుమ వ్యవహారమునకు ఉపకరించు హల్బీయు కాదు. సంస్కృతము తొలగిన చోట నిలిచినది ఆస్థానమునకు అలవడిన భాష.

ఫ్రాన్సు చరిత్రమునను ఇట్టిదే కాననగును. 1539లో విల్లేర్ కొత్‌రే రాజాజ్ఞ న్యాయస్థానములనుండి లాటినును తొలగించి ఫ్రెంచిని నిలిపినది. కాని బ్రెటను, బాస్కు మాటలాడు ప్రజలకు ఆ రాజభాషయు పరభాషయే. ప్రాచీనభాష వెనుకకు తగ్గిన మాత్రమున ప్రజలభాష ముందునకు వచ్చినదని తలంచుట పొరపాటు.

కనుక ‘తొలి శాసనము’ అను బిరుదు నిచ్చుటకు ముందు, దానిని చదువగలవారెవరో, వినియు తెలిసికొనలేనివారెవరో విచారింపవలెను. ఈ విచారణ తెలుగు పండితులకు దూరమైనది కాదు. తెలుగును గోండీయు ద్రావిడకుటుంబమున ఒకే శాఖకు చెందిన భాషలు. బస్తరు రాళ్లపై తెలుగు అక్షరములను వెదకుటతోనే తెలుగువారి పరిశోధన ముగియరాదు. రాతికెక్కని గోండీకి కథలు కలవు, పాటలు కలవు, ఊరిపేర్లు కలవు. వానిని సేకరించి శాసనముల ప్రక్కన నిలిపి చదివిననే బస్తరు భాషాచరిత్రము సమగ్రమగును. ఆ పని జాప్యమైనకొలది, చరిత్రము రాయించుకొనగలిగినవారిదిగానే మిగులును.