ఇల్లు మారేటప్పుడు తుపాకి

ధర్మపురి నుండి హోసూరుకు కాపురం మార్చిన నాడు, నాన్నగారి తరువాత నా పేర లైసెన్సయిన ఒంటిగొట్టపు తుపాకిని పరుపుచుట్టలో దూర్చి లారీ కెక్కించబోయాను. "గొట్టంలో చూశారా?" అన్నది మా ఆవిడ. విప్పి చూద్దును గదా, తూటా ఉన్నది! ఆ పరుపు మీద అప్పటిదాకా కూలీవాని బిడ్డ గెంతుతున్నాడు. ఆ పూట నాకు కాఫీ సయించలేదు.

తుపాకిని సామానుతో పంపరాదు. ఖాళీచేసి, గొట్టం విడదీసి, సంచిలో కట్టి, లైసెన్సు జేబులో ఉంచుకొని సొంతదారే తీసుకువెళ్ళవలె. తూటాలు వేరే పెట్టెలో, తాళంవేసి. కొత్త ఇంట్లో భద్రమైన బీరువా కుదిరేదాకా లైసెన్సుగల ఆయుధాల దుకాణంలో అప్పగించి రసీదు పుచ్చుకోవచ్చు.

కృష్ణగిరి 2004లో వేరు జిల్లా అయింది గనుక, హోసూరు చేరిన 30 రోజులలోగా రెండు జిల్లాల అధికారులకూ చిరునామా తెలుపవలె. నేను రెండవ అర్జీ 29వ నాడు ఇచ్చాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!