గరాజ్ కబుర్లు: పొగ ఎటు పోతోంది?

"మీ జీపు దగ్గుతోందా, గురక పెడుతోందా?" అని పక్కింటాయన అడిగిన రోజే మా అబ్బాయి పట్టు పట్టాడు, కొత్త సైలెన్సర్ వెయ్యాల్సిందేనని.

మాది 1984 నాటి జీప్ సీజే-7. మిషిగన్‌లో మేముండే ఊరికి గంట దూరంలో, టొలీడోలో పుట్టిన బండి. 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది. కానీ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు బండి కింద గొట్టాలన్నిటినీ తినేసింది.

మన ఊళ్ళలో సైలెన్సర్ అనేదాన్ని ఇక్కడ మఫ్లర్ అంటారు. దానికి ముందు కాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. పొగలోని విషాన్ని తగ్గించే ఆ డబ్బాని తీసెయ్యడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. అందుకని దాన్ని ముట్టుకోకుండా, దాని వెనక భాగాలు మాత్రమే మార్చే కిట్ తెప్పించాం.

మూడు రాత్రుల ముందు నుంచీ తుప్పు పట్టిన బోల్టులకి నూనె పట్టించాం. శనివారం పొద్దున్నే జీపుని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టాం. (పిల్లలూ, ఒట్టి జాకీని నమ్మి ఎప్పుడూ బండి కిందకి దూరకండి!) ఇంత చేసినా రెండు బోల్టులు పుటుక్కున విరిగాయి. కొత్త గొట్టాలన్నీ ముందు వదులుగా వేలాడదీసి, డ్రైవ్ షాఫ్టుకీ బ్రేకు గొట్టాలకీ తగలడం లేదని చూసుకుని, అప్పుడు ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ఒకదాన్ని తొందరపడి బిగిస్తే చివరిది వంకర పోతుంది.

ఆ చివరి ముక్క దగ్గరే వచ్చింది చిక్కు. అది వెనక ఇరుసు మీదుగా మెలికలు తిరిగి బంపర్ దాకా వెళ్ళాలి. "ఇది వద్దు డాడీ, ఇక్కడితో ఆపేస్తే సౌండ్ అదిరిపోతుంది" అన్నాడు మావాడు. అప్పటికే సాయంత్రం అయింది, నా నడుం పట్టేసింది. "సరేలే" అన్నాను. టెస్టింగ్ పూర్తవకుండా సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేస్తామంటే ఆఫీసులో ఇంతెత్తున లేచే మనిషిని!

మర్నాడు నలుగురం గుడికి బయల్దేరాం. అక్టోబరు చలి. గుడ్డ టాప్ పక్కలన్నీ మూసి, వెనక కిటికీ మాత్రం పైకి చుట్టి ఉంచాం. ఇరవై నిమిషాలయ్యాక వెనక సీట్లోంచి మా తొమ్మిదేళ్ళ పాప "నాన్నా, తలనొప్పిగా ఉంది, కడుపులో తిప్పుతోంది" అంది. "పొద్దున ఏమీ తినలేదుగా, అందుకే" అన్నాను. పక్కనే కూర్చున్న మా ఆవిడ "నాకూ తల దిమ్ముగా ఉందండీ" అన్నప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. బండి పక్కకి తీసి, ఇంజను కట్టేసి, అందరినీ కిందకి దింపాను. చల్లగాలికి తేరుకున్నా, ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించేదాకా నా చేతుల వణుకు తగ్గలేదు.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పాత కార్బురేటర్ ఇంజన్లు దాన్ని బాగానే వదులుతాయి. బండి ముందుకి పోతుంటే వెనకాల గాలి సుడి తిరుగుతుంది. పక్కలు మూసి వెనక తెరిచి ఉంచితే ఆ గాలి పొగతో సహా లోపలికే వస్తుంది. మేం గొట్టాన్ని సరిగ్గా వాళ్ళ సీటు కిందే ఆపేశాం.

తర్వాతి శనివారం దాకా జీపు కదల్లేదు. ఆ రోజు వదిలేసిన ముక్కని బంపర్ దాటేలా బిగించాం. చల్లారిన గొట్టంలోకి వ్యాక్యూమ్ క్లీనర్‌తో గాలి ఊది, అతుకుల మీద సబ్బునీళ్ళు పోశాం. మన పంక్చర్ షాపువాడు ట్యూబుని తొట్టిలో ముంచి చూసినట్టే! ఒక క్లాంపు దగ్గర బుడగలు వచ్చాయి. పానా పట్టుకుని దాన్ని బిగించింది మావాడే. తర్వాత అన్ని అతుకులూ మళ్ళీ మొదట్నుంచీ చూడమన్నదీ వాడే.

మీకు పాత జీపు లేకపోయినా రెండు మాటలు గుర్తుంచుకోండి. గరాజ్ తలుపు తెరిచి ఉన్నా సరే, లోపల ఇంజను నడుపుతూ వదలకండి. మంచు పడ్డ రోజున కారు స్టార్ట్ చేసే ముందు వెనక గొట్టం చుట్టూ మంచు తొలగించండి.

నిన్న పక్కింటాయన మళ్ళీ కనబడ్డాడు. "జీపు అమ్మేశారా? చప్పుడే లేదు!" అన్నాడు. మా అబ్బాయి ముఖం కాస్త చిన్నబోయింది గానీ, నాకు మాత్రం అంతకన్నా మంచి సర్టిఫికెట్ లేదనిపించింది.

వచ్చే సంచికలో బ్రేకుల సంగతి చూద్దాం.