తిప్పికొట్టండి, మింగెయ్యకండి

మెయిల్ సర్వర్లు నడిపేవాళ్లు నలుగురు చేరితే స్పామ్ గురించి వాదన తప్పదు. బ్లాక్‌లిస్టా, గ్రేలిస్టింగా, కంటెంట్ ఫిల్టరా? ఎవరికివాళ్లు తమ పద్ధతి ఎంత శాతం చెత్తని పట్టుకుంటుందో చెప్తారు. సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగంలో భాగం కాబట్టి ఈ వాదనలు చాలా విన్నాను. నా గొడవ ఆ శాతాలతో కాదు. పొరపాటున పట్టుబడ్డ మంచి ఉత్తరం ఏమైపోతుందని ఎవరూ అడగరు. పద్ధతుల మధ్య అసలు తేడా అక్కడే ఉంది. గుమ్మం దగ్గరే కాదని చెప్పి పంపేది ఒక రకం. లోపలికి తీసుకుని, కిక్కురుమనకుండా మింగేసేది ఇంకో రకం. మొదటిది వడపోత, రెండోది దగా.

ఇందులో టెక్నికల్ సంగతి కొంచెమే. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి మెయిల్ అందించేటప్పుడు వాటి మధ్య చిన్న సంభాషణ నడుస్తుంది. ఉత్తరం ఫలానావారి నుంచి, ఫలానావారికి, ఇదిగో. అంతా విన్నాక అవతలి సర్వర్ 250 అంటే తీసుకున్నట్టు, 550 అంటే తీసుకోనన్నట్టు. పక్కనే కారణం కూడా రాయొచ్చు. ఈ మర్యాదలు రాసిపెట్టిన 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం, 250 అన్న క్షణం నుంచి ఆ ఉత్తరం బాధ్యత తీసుకున్నవాళ్లదే. చప్పుడు చెయ్యకుండా పారెయ్యడం, అది మోసమని గట్టి నమ్మకం ఉన్నప్పుడే.

ఈ కొలతతో చూస్తే పాత పద్ధతులే నయం. 1997లో పాల్ విక్సీ మొదలుపెట్టిన తరహా బ్లాక్‌లిస్టు మొరటుదే. పంపే మెషీన్ ఐపీ అడ్రస్ జాబితాలో ఉంటే తలుపు మూస్తుంది, ఒక్కోసారి పక్కింటివాడి పాపానికి మనకీ శిక్ష పడుతుంది. కానీ మొహం మీదే చెప్తుంది. వెళ్లి పోట్లాడొచ్చు. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన గ్రేలిస్టింగ్ ముక్కూమొహం తెలియని సర్వర్‌ని కాసేపాగి రమ్మంటుంది. నిజమైన సర్వర్ మళ్లీ వస్తుంది, హడావిడిగా లక్షల్లో విసిరే స్పామ్ ప్రోగ్రాం చాలాసార్లు రాదు. ఓటీపీ ఆలస్యమైందని జనం తిడతారు, నిజమే. ఉత్తరం మాత్రం పోదు.

కంటెంట్ ఫిల్టర్ కథ వేరు. 2002లో పాల్ గ్రాహం రాసిన 'ఎ ప్లాన్ ఫర్ స్పామ్' వ్యాసంలో మంచి ఆలోచన ఉంది: ఎవరి ఉత్తరాల నుంచి వాళ్ల ఫిల్టర్ నేర్చుకోవాలి. ఆచరణలో ఊరందరికీ ఒకే జల్లెడ పెట్టేశారు. స్పామ్‌అసాసిన్ మార్కులు వేస్తుంది, మామూలుగా 5 వస్తే స్పామ్. 2010 లేదా ఆపై సంవత్సరం తేదీ కనబడితే అది సుదూర భవిష్యత్తు అనుకుని మార్కులు వేసే రూలు ఒకటి అందులో ఉండిపోయింది. 2010 జనవరి 1న శుభాకాంక్షలు కూడా అనుమానితుల వరసలో నిలబడ్డాయి. కావలసిన భాషలు ఇవీ అని చెప్పి, మిగతా భాషలకి మార్కులు వేయించే వీలు కూడా అందులో ఉంది. ఇంగ్లీషు ఒక్కటే పెట్టుకున్న ఆఫీసుకి తెలుగులో రాస్తే, నేరం ఉత్తరంలో ఉండదు, లిపిలో ఉంటుంది.

పోస్టులో కథలు పంపే రోజుల్లో తిరుగుటపాకి స్టాంపులంటించిన కవరు జతచేసేవాళ్లు. కథ తిరిగొస్తే బాధే, కానీ ఇంకో పత్రికకి పంపుకోవచ్చు. ఇప్పుడు మౌనానికి స్పామ్ ఫోల్డర్ అని మర్యాదైన పేరు పెట్టారు. నా స్నేహితురాలి కథ వేసుకుంటామంటూ ఒక పత్రిక రాసిన ఉత్తరం అందులో పడింది. ఆమెకి పొగరనుకున్నారు ఎడిటర్, ఎడిటర్‌కి పొగరనుకుంది ఆమె. సర్వర్ల లెక్కలో మాత్రం ఉత్తరం చేరింది.

ఎదురువాదాలు నాకు తెలుసు. స్పామర్లు పంపినవాళ్ల పేరు దొంగిలిస్తారు కాబట్టి తిప్పికొడితే అమాయకుల మీద పడుతుందంటారు. అది ముందు 250 అనేసి, తర్వాత తీరిగ్గా తిప్పి పంపేవాళ్ల తప్పు. సంభాషణలోనే కాదంటే మన సర్వర్ కొత్త ఉత్తరమేదీ పుట్టించదు, ఆ జవాబు లైన్లో ఉన్న సర్వర్‌కే అందుతుంది. కారణం చెప్తే స్పామర్ నేర్చుకుంటాడంటారు. వాడు అదే సర్వీసులో సొంత అకౌంటు తెరిచి, ఏ మెయిల్ ఎక్కడ పడుతోందో ఎలాగూ చూసుకోగలడు. వేరే దారి లేనిది రోజుకి నాలుగు ఉత్తరాలు రాసుకునే మామూలు మనిషికే. మొత్తం చదివేదాకా లైన్లో ఆపడం సర్వర్‌కి భారమంటారు. భారమే, కానీ ఆ పనికి మిల్టర్లు ఏళ్లుగా ఉన్నాయి. సెండ్‌మెయిల్, పోస్ట్‌ఫిక్స్ రెండూ వాటితో పనిచేస్తాయి.

జీమెయిల్ అడ్రస్‌లకి రోజుకి 5000 పైగా పంపేవాళ్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టుకోవాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ షరతు పెడితే చాలామంది విసుక్కున్నారు. నేను దాన్ని సమర్థిస్తాను. షరతు గుమ్మం మీద రాసి ఉంది, ఎవరైనా చదువుకుని సరిచేసుకోవచ్చు. లోపల ఏ లెక్కతో ఏ ఉత్తరాన్ని మూలకి తోస్తారన్నదే ఇప్పటికీ చీకటి.

కాబట్టి అడ్మిన్లకి నేను చెప్పేది ఒక్కటే. గుమ్మం దగ్గర ఎంత కఠినంగానైనా ఉండండి. కానీ మీ పోస్ట్‌ఫిక్స్ రూల్స్‌లో 'డిస్కార్డ్' అన్న మాట ఎక్కడుందో ఈరోజే వెతకండి. దాని స్థానంలో 'రిజెక్ట్' అని రాసి, పక్కన మనిషికి అర్థమయ్యే కారణం ఒకటి పెట్టండి.