పాత స్పోర్ట్స్ కారుకు భద్రతా పత్రం: కొలమానం వయసా, స్థితా?

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు ఏటా జరిగే భద్రతా పరీక్ష తప్పనిసరి కాదు. భారత్‌లో 15 ఏళ్లు నిండిన సొంత కారును పరీక్ష చేయించి, రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోనిదే రోడ్డు మీదికి తేవడానికి వీల్లేదు. ఒక దేశంలో మినహాయింపు తెచ్చిపెడుతున్న వయసే మరో దేశంలో అనుమానానికి కారణమవుతోంది. రెండు చోట్లా చట్టం ముందుగా చూసేది కారు పుట్టిన సంవత్సరాన్నే. బ్రేకులు సమంగా పడతాయా, చట్రం బరువు మోస్తుందా అన్న ప్రశ్నలకు మాత్రం ఆ సంవత్సరం సమాధానం చెప్పదు. పాతకాలపు స్పోర్ట్స్ కార్ల విషయంలో ఈ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఎంఓటీ పేరుతో ప్రసిద్ధమైన బ్రిటన్ పరీక్ష 1960లో మొదలైంది. తొలుత పదేళ్లు దాటిన వాహనాలకే పరిమితమైన ఈ నిబంధన 1967 నాటికి మూడేళ్లు నిండిన కార్లకూ విస్తరించింది. కాలక్రమంలో మినహాయింపులు వచ్చాయి. 1960కి ముందు తయారైన వాహనాలను 2012 నవంబరులో పరీక్ష నుంచి తప్పించారు. 2018 మే 20 నుంచి, 40 ఏళ్లు నిండి గత 30 ఏళ్లలో పెద్ద మార్పులేవీ జరగని వాహనాలన్నిటికీ ఈ వెసులుబాటు లభించింది. పెద్ద మార్పులు జరగలేదని ప్రకటించవలసింది యజమానే. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్, 1962లో మొదలై 1980 వరకు తయారైన ఎమ్‌జీబీ వంటి ప్రసిద్ధ స్పోర్ట్స్ కార్లు ఇలా తప్పనిసరి పరీక్ష పరిధి దాటిపోయాయి.

ప్రభుత్వ వాదన తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. ఇటువంటి కార్ల యజమానులు వాటిని అపురూపంగా చూసుకుంటారు. ఏడాదిలో అవి తిరిగే దూరమూ తక్కువే. పైగా నేటి గ్యారేజీల్లో పనిచేసే పరీక్షకులకు అర్ధశతాబ్దం నాటి యంత్రాలతో పరిచయం తగ్గిపోతోంది. అయితే తక్కువగా తిరగడమే భద్రతకు హామీ కాదు. నెలల తరబడి కదలకుండా నిలిచిన కారుకు వచ్చే జబ్బులు వేరు.

వాటిలో మొదటిది తుప్పు. ఎమ్‌జీబీ వంటి కార్లలో విడిగా చట్రం ఉండదు. ఉక్కు రేకులతో అతికిన కారు ఒళ్లే బరువంతా మోస్తుంది. పైకప్పు లేని నమూనాల్లో తలుపుల కింద పొడవునా సాగే ఉక్కు పెట్టెల మీద ఆ భారం మరింత పడుతుంది. ఆ పెట్టెలు లోపలి నుంచి తుప్పు పడతాయి. పైన పుట్టీ పూసి, రంగు వేసి, అడుగున తారు వంటి నల్లని పూత పట్టిస్తే లోపలి శిథిలం బయటికి కనిపించదు. ఎంఓటీ నిబంధనల ప్రకారం పరీక్షకుడు భాగాలను విప్పకూడదు. కంటితో చూడవచ్చు, చిన్న పరికరంతో తట్టి చూడవచ్చు. అంతకు మించి లోపలికి వెళ్లే అధికారం అతనికి లేదు. లోటస్ ఎలాన్ వంటి కార్లలో ఒళ్లు ఫైబర్‌గ్లాస్, లోపలి వెన్నెముక ఉక్కు. మెరిసే ఒంటిని చూసి ఆ వెన్నెముక స్థితిని అంచనా వేయలేము.

రెండోది టైరు. ఏటా వెయ్యి మైళ్లు కూడా తిరగని కారులో టైరు గాడులు అరగవు, కానీ రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. బ్రిటన్ చట్టం కార్ల టైర్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి లోతును కోరుతుంది తప్ప గరిష్ఠ వయసును నిర్దేశించదు. 2012లో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో ఒక కోచ్ బస్సు ప్రమాదానికి గురై ముగ్గురు మరణించారు. దాని ముందు టైరు 19 ఏళ్ల నాటిదని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత సాగిన ఉద్యమం ఫలితంగా 2021 ఫిబ్రవరి నుంచి లారీలు, బస్సుల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లను నిషేధించారు. ఆ నిషేధం కార్లకు వర్తించదు.

మూడోది బ్రేకులు. సాధారణంగా వాడే బ్రేక్ ఆయిల్ కాలక్రమంలో గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అప్పుడు దాని మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. రోలర్ల మీద కొద్ది క్షణాలు జరిగే పరీక్షలో సరిగా పడిన బ్రేకు, కొండదారిలో పదేపదే తొక్కి వేడెక్కినప్పుడు విఫలం కావచ్చు. జారుడును అదుపు చేసే ప్రత్యేక డిఫరెన్షియల్ ఉన్న స్పోర్ట్స్ కార్లను రోలర్ల మీద పరీక్షించడమే తగదు. వాటిని రోడ్డు మీద నడిపి, వేగం తగ్గే తీరును పరికరంతో కొలవాలి. ఆ తేడా యంత్రానికి తెలియదు, పరీక్షించే మనిషికి తెలియాలి.

అలాగని పరీక్ష నిరర్థకం కాదు. తన కారు మీద మమకారం ఉన్న యజమాని చూడలేని లోపాన్ని పరాయి కన్ను పట్టుకుంటుంది. స్టీరింగ్ కీళ్లలో వదులు, కారుతున్న బ్రేక్ గొట్టం, ఒకవైపు వెలగని దీపం వంటివి కొద్దిసేపట్లోనే బయటపడతాయి. బ్రిటన్‌లో ప్రతి పరీక్ష ఫలితమూ, తిరిగిన దూరమూ ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి. పరీక్ష మానేసిన కారుకు ఆ చరిత్ర అక్కడితో ఆగిపోతుంది. కొనుగోలుదారుకు మిగిలేది అమ్మేవారి మాటే. మినహాయింపు ఉన్నా ప్రమాదకర స్థితిలో కారు నడిపితే 2,500 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. మినహాయింపు పరీక్ష నుంచే, బాధ్యత నుంచి కాదు.

భారత్‌లో సమస్య ఇందుకు భిన్నమైనది. 15 ఏళ్ల తర్వాత సొంత కారు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2025 ఆగస్టులో సవరించిన నిబంధనల ప్రకారం 20 ఏళ్లు దాటిన కారుకు ఈ రుసుము 10,000 రూపాయలు, దిగుమతి చేసుకున్న కారుకు 80,000 రూపాయలు. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకు 2021 జులైలో వింటేజ్ హోదా కల్పించారు. వాటిని ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన వంటి అవసరాలకే నడపాలి. ఈ రెండింటి నడుమ, అంటే 15 నుంచి 50 ఏళ్ల వయసులో ఉన్న స్పోర్ట్స్ కారుకు ప్రత్యేక గుర్తింపు లేదు. హైదరాబాద్‌లోనైనా విశాఖపట్నంలోనైనా, గ్యారేజీలో భద్రంగా ఉండే కారునూ రోజూ రోడ్ల మీద నలిగే కారునూ చట్టం ఒకే గాటన కడుతుంది. దేశ రాజధాని ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలను రోడ్డెక్కనివ్వరాదన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. ఆ నిషేధానికి ఆధారం కాలుష్యం. ఆ ఆదేశంలోనూ కొలమానంగా తీసుకున్నది పొగను కాదు, వయసునే.

పరీక్షల నాణ్యతను పెంచడానికి కేంద్రం 2021లో స్వయంచాలిత పరీక్షా కేంద్రాల నిబంధనలను ప్రకటించింది. మానవ ప్రమేయాన్ని తగ్గించి, ఫలితాలను యంత్రం నుంచే నమోదు చేయడం వాటి ఉద్దేశం. ఈ అవసరం ఎంత తీవ్రమైనదో ఢిల్లీ వాహన కాలుష్యంపై కాగ్ ఇచ్చిన నివేదిక తెలియజెప్పింది. ఒకే కేంద్రంలో ఒకే సమయానికి పలు వాహనాలను పరీక్షించినట్టు నమోదైన ఉదంతాలను అది ఎత్తిచూపింది. అటువంటి పత్రం చేతిలో ఉన్నా లేకపోయినా తేడా ఉండదు. యంత్రాలు ఈ లొసుగును పూడ్చగలవు. కానీ పుట్టీ కింద దాగిన తుప్పును అవి పసిగట్టలేవు.

రెండు దేశాల అనుభవమూ ఒకే దిశను సూచిస్తోంది. పరీక్ష ఎప్పుడు జరగాలన్నది కారు వాడకాన్ని బట్టి, ఏం చూడాలన్నది దాని నిర్మాణాన్ని బట్టి నిర్ణయం కావాలి. పాత వాహనాలకు టైరు వయసును, చట్రంలో బరువు మోసే చోట్లను ప్రత్యేకంగా తనిఖీ చేయాలి. అందుకు శిక్షణ పొందిన పరీక్షకులను గుర్తించాలి. పాత స్పోర్ట్స్ కారు యజమానికి వారసత్వ సంపద కావచ్చు. ఎదురుగా రోడ్డు దాటుతున్న పాదచారికి మాత్రం అది వేగంగా వస్తున్న మరో వాహనమే. అది సమయానికి ఆగుతుందా లేదా అన్నదే అతనికి కావలసిన సమాధానం.