సున్నా డాలర్ల కాపడం

"డబ్బులు రాని కోడ్‌కి రాత దండగ." అమెరికాలోని ఫిజికల్ థెరపీ క్లినిక్కుల్లోనూ, వాటి క్లెయిములు చూసే హైదరాబాద్ ఆఫీసుల్లోనూ ఇది వేదవాక్కులా చలామణీ అవుతోంది. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని బయటికొచ్చిన కుర్రాళ్లు మొదటి నెలలోనే ఈ మాట పట్టేస్తారు.

దానికి ఆధారం, చికిత్సలకి బిల్లు వేసే సీపీటీ కోడ్లలో ఒకటైన 97010. వేడి కాపడమైనా, ఐసు ప్యాకైనా, ఒక చోట పెట్టినా నాలుగు చోట్ల పెట్టినా ఇదొక్కటే కోడ్. 1997 నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ దీనికి విడిగా పైసా ఇవ్వదు. కొన్ని ప్రైవేటు ఇన్సూరెన్సులు ఇస్తాయి, అదీ అంతంతమాత్రమే. నోట్స్ రాయలేక సతమతమయ్యే థెరపిస్టు, సున్నా డాలర్ల పని గురించి టైపు చేయడమెందుకని విసుక్కుంటే అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ విసుగునే సూత్రం చేస్తే ఒప్పుకోలేం.

మొదటి పొరపాటు, ఈ కాపడాన్ని ఉచిత సేవ అనుకోవడం. మెడికేర్ లెక్కలో కాపడం ఖరీదు మిగతా చికిత్సకిచ్చే డబ్బులోనే కలిసి ఉంది. అందుకే డబ్బు కడతానని రోగి చేత సంతకం పెట్టించుకున్నా సరే, దానికి విడిగా చేతిడబ్బు వసూలు చేయకూడదు.

అసలు చిక్కు నిమిషాల దగ్గరుంది. వ్యాయామం కోడ్ 97110ని నిమిషాలు లెక్కపెట్టి బిల్లు చేస్తారు. 97010కి నిమిషాలతో పని లేదు. ఒక పెద్దాయన పదింటికి వచ్చి 10:50కి వెళ్లాడనుకుందాం. నడుముకి కాపడం 15 నిమిషాలు, వ్యాయామం 35. నిమిషాలని బిల్లు యూనిట్లుగా మార్చే మెడికేర్ "ఎనిమిది నిమిషాల నియమం" ప్రకారం 35 నిమిషాలకి రెండు యూనిట్లు. కాపడం సంగతి రాయలేదా, ఆ 50 నిమిషాలూ వ్యాయామంలాగే కనిపిస్తాయి. మూడో యూనిట్ పుట్టుకొస్తుంది. అది చేయని పనికి బిల్లు. తెలిసి చేసినా, పట్టించుకోకుండా వదిలేసినా 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం వర్తిస్తుంది. డబ్బు తేని ఆ ఒక్క వాక్యమే డబ్బు తెచ్చే కోడ్‌ని నిజాయితీగా ఉంచుతోంది.

ఇక ఒంటి సంగతి. హాట్ ప్యాకుని సుమారు 71 డిగ్రీల సెల్సియస్ నీళ్లలోంచి తీసి, ఆరేడు మడతల తువ్వాలు చుట్టి పెడతారు. షుగరుతో పాదాల స్పర్శ పోయిన మనిషికి చర్మం కాలుతున్నా తెలియదు. సాయంత్రానికి బొబ్బ లేస్తే, స్పర్శ పరీక్షించారా, మధ్యలో తువ్వాలు తీసి చూశారా అన్నదానికి చార్టు తప్ప జవాబు చెప్పేది లేదు. ఆ బొబ్బకి మెడికేర్ రేటు సున్నా కాదా అని అడుగుతామా?

రాయడమంటే నింపడం కాదని కూడా చెప్పాలి. "నడుముకి హాట్ ప్యాక్, 15 నిమిషాలు, బాగా తట్టుకున్నారు" అని విజిట్ తర్వాత విజిట్ కాపీ కొట్టిన చార్టులు ఆడిటర్ల చేతికి దొరికే తేలిక వేట. ఎక్కడ పెట్టారు, ఎందుకు పెట్టారు, ముందూ తర్వాతా చర్మం ఎలా ఉంది, ఎన్ని నిమిషాలు, దాని వల్ల ఏ వ్యాయామం సాధ్యమైంది: ఇంతే కావాలి. చివరిదే ముఖ్యం. రోగి స్వయంగా కదిలే చికిత్సకి తోడ్పడితే తప్ప ఇలాంటి కాపడాలు వద్దని అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2014లోనే చెప్పింది. "ఎందుకు" అన్నచోట రాయడానికేమీ తోచకపోతే, ఆ కాపడమే అనవసరమేమో థెరపిస్టు ఆలోచించుకోవాలి.

కోడర్లకి ఒక మాట. నిమిషాలు పొంతన కుదరని చార్టు కనబడితే మీ అంచనాతో యూనిట్లు వేయకండి. టార్గెట్ తప్పినా సరే, క్లెయిమ్ ఆపి థెరపిస్టుకి క్వెరీ పంపండి.