ఆటస్థలం కూడా హక్కే

హక్కులనగానే మనం కూలి, భూమి, ఆస్తి, హింస గురించి మాట్లాడతాం. ఆట గురించి మాట్లాడం. అది తీరికున్నవాళ్ల వ్యవహారమనుకుంటాం. అయితే ఆ తీరిక ఎవరికుంది, ఎవరికి లేదు అన్నది మొదటినుంచీ మన ప్రశ్నే కదా!

ఒక సదస్సు కోసం ఇంగ్లాండు వెళ్లినప్పుడు మాంచెస్టర్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం చూశాను. అద్దాల వెనక వస్తువులను చూసి వచ్చేసే చోటు కాదది. వచ్చినవాళ్లు స్వయంగా బంతి తన్ని పెనాల్టీ కొట్టి చూసుకోవచ్చు. నన్ను నిలబెట్టేసింది మాత్రం లిలీ పార్ విగ్రహం. బ్రిటన్‌లో ఒక ఫుట్‌బాల్ క్రీడాకారిణికి విగ్రహం పెట్టడం అదే మొదలు. అదీ 2019లో!

ఆమె ఆడిన జట్టు డిక్, కెర్ లేడీస్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రెస్టన్‌లో ఆయుధ సామగ్రి తయారుచేసిన ఫ్యాక్టరీ కార్మికురాళ్ల జట్టు అది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లో వాళ్ల ఆట చూడడానికి 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబర్ 5న ఇంగ్లాండు ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో స్త్రీలను ఆడనివ్వరాదని తీర్మానించింది. ఈ ఆట ఆడవాళ్లకు తగదంది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు నడిచింది. ఆడలేనివాళ్లను ఎవరూ నిషేధించరు.

మన దగ్గర అలాంటి తీర్మానం అవసరం కూడా రాలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానంలో నిలిపిన కోచ్ రహీంను గర్వంగా తలుచుకుంటాం. ఆ చరిత్రలో స్త్రీలు లేకపోవడం మనకు లోటుగానే తోచదు. సిరికొండలో బడి నుంచి వచ్చిన పిల్ల, బీడీలు చుట్టే తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తుంది. పసుపు తవ్వే రోజుల్లో ఇల్లంతా ఆమె మీదే. అదే వేళకు తమ్ముడు బ్యాటు పట్టుకుని బయటికి పోతాడు. ఇది స్వభావం కాదు, శ్రమ విభజన.

ఇదే జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఎదిగింది. 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌లో చేరింది. 2025లో దేశపు ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు అందుకుంది. ఆమెకు సన్మానాలు చేసి ఊరుకుంటే సరిపోదు. ఒక్కరు అడ్డంకులు దాటారంటే అడ్డంకులు తొలగినట్టు కాదు.

2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. మన సంఘాల కార్యకర్తలు ఒక సాయంత్రం తమ ఊరి ప్రాంగణానికి వెళ్లి, అక్కడ ఆడపిల్లలు ఎందరున్నారో లెక్కపెట్టాలి. ఆ లెక్కను గ్రామసభ ముందు పెట్టాలి. ఆడపిల్లలకంటూ కేటాయించిన సమయం, దీపాలు, మరుగుదొడ్డి, శిక్షకురాలు కావాలని అడగాలి. ఇంట్లో పని పంచుకోవాలన్న మాట కూడా అక్కడే ఎత్తాలి. కూలి రేట్ల కోసం కొట్లాడినంత పట్టుదలగా దీనికోసమూ కొట్లాడాలి.